ఖానుగారు క్యాంపులో ఉన్నారు

నా పేరు రాజ్యలక్ష్మి. రాజ్యంతో నాకున్న సంబంధం ఆ పేరూ, చరిత్ర శాఖలో పాఠాలు చెప్పి చెప్పి తెచ్చుకున్న గొంతునొప్పీ, అంతే. ఏది రాజ్యమో, ఏది కాదో నేను తేల్చాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. వచ్చింది. అందుకు మా కొత్త ఉపకులపతి ఆచార్య సోమేశ్వరరావుగారికి నమస్కారం పెట్టాలి.

ఆయన వృక్షశాస్త్రం మనిషి. ఆకు చూపిస్తే చాలు, అది ఏ కుటుంబానికి చెందిందో చెప్పేస్తారు. చెబితే చెప్పారు, ఎవరొద్దన్నారు? కానీ ఆయన వచ్చిన కొత్తలోనే విశ్వవిద్యాలయంలో కంటికి కనిపించిన ప్రతిదానికీ కుటుంబం వెతకడం మొదలుపెట్టారు. కుర్చీల్ని చేతులున్నవీ లేనివీ అని విడదీయించారు. వాకిట్లో పడుకునే కుక్కల్ని స్థానికం, స్థానికేతరం అని వేరు చేయించారు. "వర్గీకరించనిది విజ్ఞానం కాదు" అని గుమ్మం ముందు ఫ్లెక్సీ కట్టించారు. చివరికి ఒక మండలి పెట్టి ఒక నియమం చేశారు. ప్రతి పరిశోధన గ్రంథం ఏ వర్గం గురించో ముందు మండలి తేల్చాలి, ఆ తరవాతే పట్టా. రాజ్యం గురించైతే చరిత్ర శాఖ పట్టా ఇస్తుంది. తెగ గురించైతే మానవశాస్త్ర శాఖ ఇస్తుంది.

ఇందులో ఒక్కటే చిక్కు. మాకు మానవశాస్త్ర శాఖ లేదు. ఉండేది. మా విశ్వవిద్యాలయానికి సొంత భవనం లేదు కదా, మొదట పత్తి జిన్నింగు మిల్లు గోదాములో ఉండేవాళ్లం. అక్కడినుంచి ఇప్పుడున్న కల్యాణ మంటపానికి మారేటప్పుడు ఆ శాఖని లారీ ఎక్కించడం మరిచిపోయారు. ఊరవతల స్థలం ఇస్తామని ప్రభుత్వం అంటోంది, ఫైలు నడుస్తోంది. ఈలోగా ఉపకులపతిగారు పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలో కూర్చుంటున్నారు. చరిత్ర శాఖ వంటశాల పక్కన. నాకు పులిహోర పోపు వాసన రాకపోతే ఇప్పుడు పాఠం గుర్తు రాదు.

ఆ నియమం కోరల్లో మొట్టమొదట పడింది నా దగ్గర పరిశోధన చేసిన లింగేశ్వరి. వాళ్ల నాన్న బీరప్ప గొర్రెల మంద తోలుకుంటూ ఏడాదిలో సగం దారుల మీదే ఉంటాడు. ఈ పిల్ల ఆ మంద వెనక నడుస్తూ చదువుకుంది. అందరూ మన శాసనాలూ మన ఉద్యమాలూ అంటుంటే, ఈమె మాత్రం మధ్యయుగపు సంచార సామ్రాజ్యాల్ని పట్టుకుంది. గుర్రాల మీద తిరుగుతూ, గుడారాల్లో పడుకుంటూ దేశాలకి దేశాల్ని ఏలిన ఖానులన్నమాట. వాళ్లది రాజ్యమా, తెగా, తెగల కూటమా అని ప్రపంచంలో పండితులు ఈనాటికీ జుట్లు పట్టుకుంటూనే ఉన్నారు. "రాజ్యమే మేడమ్, కాకపోతే నడిచే రాజ్యం" అని లింగేశ్వరి వాదన. బాగా రాసింది. నేను ఒకపట్టాన బాగుందనే మనిషిని కాదు, నా దగ్గర చదివినవాళ్లనెవర్నైనా అడగండి.

ఆమెకి ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. వేసవి సెలవులయ్యి కాలేజీలు తెరిచేలోగా పట్టా చూపించాలి. చూపించకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"పోతే మళ్లీ గొర్రెల వెనక పోతాను మేడమ్. అది తప్పేం కాదు. కానీ ఇంత చదివి పోవాలంటే కష్టంగా ఉంటుంది" అంది.

"నేనుండగా ఎందుకు పోతావే?" అన్నాను. అనకూడదు. మన నోటికి అదుపుండదు కదా.

గ్రంథాన్ని వర్గీకరణకి పంపాం. పంపిన కొన్నాళ్లకి అది బస్సు షెడ్డులో తేలింది. రిజిస్ట్రారు తాతబ్బాయిగారి ఆఫీసులో పేరు మాత్రం చదివారు. సంచార గ్రంథాలయం, సంచార వైద్యశాల, సంచార పశువైద్యశాల, ఇలా వాళ్లకి తెలిసిన సంచారాలన్నిటికీ చక్రాలున్నాయి. సంచార సామ్రాజ్యానికి మాత్రం ఎందుకుండవు? రవాణా విభాగానికి రాసేశారు. రవాణా విభాగమంటే మా ఒక్కగానొక్క బస్సూ, దాన్ని నడిపే మస్తానూ. పాపం మస్తాన్ నిజాయితీపరుడు, గ్రంథమంతా తిరగేసి నా దగ్గరికి పట్టుకొచ్చాడు.

"మేడమ్, ఇందులో బండి నంబరు లేదు. డీజిలో పెట్రోలో కూడా రాయలేదు."

"గుర్రాలు మస్తాన్."

"ఎన్ని గుర్రాలు?"

"లక్షలు."

ఆయన కాసేపు ఆలోచించి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేదు కాబట్టి రోడ్డు మీదికి వదలడం కుదరదని రాసి సంతకం పెట్టాడు. నా ఎరికలో ఆ గ్రంథాన్ని చివరిదాకా చూసిన అధికారి ఆయనొక్కడే.

తరవాత నేను వెళ్లి నోరు చేసుకుంటే మండలి కూర్చుంది. ఎక్కడ కూర్చుంటుంది, పెళ్లి వేదిక మీద. ఉపకులపతిగారు పెళ్లికొడుకు సింహాసనంలో కూర్చున్నారు. పక్కన పెళ్లికూతురి సింహాసనంలో తాతబ్బాయిగారు. వెనక థర్మాకోలు అక్షరాల్లో ఎవరో దంపతుల పేర్లు ఇంకా అలాగే ఉన్నాయి. మూడో సభ్యుడు రాజనీతిశాస్త్ర శాఖ ఆచార్య దక్షిణామూర్తిగారు, పురోహితుడు కూర్చునే చోట పీట వేసుకున్నారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలియదు గాని, సమావేశంలో మాత్రం గ్రాంథికమే.

"స్థావరము లేనిచోట స్థైర్యముండదు. స్థైర్యము లేనిచోట సార్వభౌమాధికారముండదు. ఇంతకును, ఈ సామ్రాజ్యమునకు రాజధాని యేది? రాజధాని యెక్కడనో చెప్పలేని రాజ్యము లోకమున నుండునా?" అన్నారు.

అని, ఆయనే ఉలిక్కిపడి, మంచినీళ్లు తాగారు. మా రాష్ట్రంలో ఆ ప్రశ్న అంత తేలిగ్గా నలుగురిలో అడిగేది కాదు.

తాతబ్బాయిగారు అందుకుని, "శాశ్వత చిరునామా ఏంటమ్మా? ఖానుగారికి ఒక ఉత్తరం రాయాలనుకో, ఎక్కడికి రాస్తావు?" అని అడిగారు.

"మనుషులు దారిలో గుర్రాలు మార్చుకుంటూ కబురు పట్టుకెళ్లేవాళ్లు సార్. ఖాను ఎక్కడుంటే అక్కడికి" అంది లింగేశ్వరి.

"అంటే పిన్ కోడ్ లేదు."

"లేదు సార్."

"ఊరూ పేరూ లేనివాళ్లన్నమాట."

"పేరుంది సార్. ఊరే లేదు."

ఉపకులపతిగారు కళ్లు మూసుకుని, "వేరుందా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఏం వేరు సార్?"

"వేరండీ, వేరు. నేలలో పాతుకున్న వేరు. వేరు లేకుండా బతికేవి నాచూ, ఇంకో చెట్టు కొమ్మ పట్టుకుని దాని రసం తాగే బదనికా. ఈ సామ్రాజ్యం చుట్టుపక్కల రాజ్యాల మీద పడి బతికింది కాబట్టి నాచు కాదు, బదనిక. దీన్ని రాజ్యం కుటుంబంలో చేర్చలేం. తెగ అని రాయండి."

రాసేశారు. తెగ అయితే పట్టా ఇవ్వాల్సింది మానవశాస్త్ర శాఖ. ఆ శాఖ మిల్లులో పత్తి దుమ్ము కింద ఉంది. లింగేశ్వరి వేదిక దిగి ఒక మూల నిలబడింది.

"నాకు ఏడుపొస్తోంది మేడమ్. ఇక్కడ ఏడిస్తే పెళ్లికూతురి తాలూకు అనుకుంటారని ఆపుకుంటున్నాను" అంది.

మర్నాడు పొద్దున్నే ఉపకులపతిగారిని నాలుగు కడిగేద్దామని వెళ్లాను. గుమ్మం దగ్గర బంట్రోతు, "సార్ క్యాంపులో ఉన్నారమ్మా" అన్నాడు. సరేనని వెనక్కి తిరిగాను. తిరిగి, నాలుగడుగులు వేసి, ఆగిపోయాను. ఇన్నేళ్లుగా ఆ మాట వింటున్నాం కదా. కలెక్టరుగారు క్యాంపులో ఉన్నారు, కమిషనరుగారు క్యాంపులో ఉన్నారు, అంతకన్నా పెద్దవాళ్లకైతే క్యాంపు ఆఫీసే అసలు ఆఫీసు. అలాగని ఎవరైనా, అయితే ఈ జిల్లాకి కలెక్టరే లేడు, ఇది జిల్లా కాదు, తెగ అంటున్నారా? చేతులు కట్టుకుని "ఎప్పుడొస్తారండీ" అని అడిగి పోతున్నారు.

మళ్లీ మండలి కూర్చున్నప్పుడు నేనే లేచాను. "ఖానుగారికి రాజధాని లేకపోవడం కాదండీ. ఖానుగారు క్యాంపులో ఉన్నారు."

మీరు నమ్మాలి, తాతబ్బాయిగారు సింహాసనంలోంచి సగం లేచారు. ఆ మాట మహిమ అలాంటిది. లేచినవారు సర్దుకుని కూర్చుని, "ఆ ముక్క ముందే చెప్పాలి కదమ్మా. టూరు ప్రోగ్రాం ఎవరు ఆమోదించారు? ఆయన పైఅధికారి ఎవరు?" అన్నారు, ఎంతో ఆప్యాయంగా.

"ఆకాశం సార్. ఆకాశమే తమకి ఏలుబడి ఇచ్చిందని వాళ్ల నమ్మకం" అంది లింగేశ్వరి.

"ఆకాశం అనుమతి రాతపూర్వకంగా ఇచ్చేదా, నోటిమాటగానా?"

"ఉరిమితే కోపం వచ్చినట్టు సార్."

"ఉరమకపోతే?"

"అభ్యంతరం లేనట్టు."

"డీమ్డ్ అప్రూవల్" అన్నారు తాతబ్బాయిగారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మనకన్నా పద్ధతిగా ఉందండీ. మరి ఖాను పోతే ఇన్‌ఛార్జి ఎవరు?"

"కొత్త ఖానుని ఎన్నుకునేదాకా ఒక్కోసారి రాణి చూసేది సార్."

"పూర్తి అదనపు బాధ్యతలు. బాగుంది, చాలా బాగుంది."

నేను లోపల్లోపల చంకలు గుద్దుకుంటున్నాను. ఇంతలో దక్షిణామూర్తిగారు వేలెత్తారు. "క్యాంపనగా ప్రధానస్థానమునకు దూరముగా నుండుట. ప్రధానస్థానమే లేనివాడు దేనికి దూరముగా నుండెను?"

ఆయన జన్మలో ఒక్కసారి సరైన మాటన్నారు, అదీ ఆరోజే అనాలా? మండలి మళ్లీ చతికిలపడింది. క్షేత్ర పరిశీలన చెయ్యందే తేల్చలేమన్నారు ఉపకులపతిగారు. ఖానుల గడ్డిమైదానాలకి వెళ్లాలని ఆయనకి ఎంత ఉబలాటంగా ఉన్నా, మస్తాన్ బస్సు అంతదూరం పోదు. అందుకని దగ్గర్లో ఎవరైనా సంచారం చేసేవాళ్లుంటే వాళ్లనే ఖానులుగా భావించి పరిశీలిద్దామని తీర్మానించారు.

అలా మేమంతా నడి వేసవిలో బీరప్ప మంద దగ్గరికి బయల్దేరాం. కాలవ పక్కన కోతలయిన పొలంలో మంద పడుకుని ఉంది. రైతులు ఎరువు కోసం గొర్రెల్ని తమ పొలాల్లో పడుకోబెట్టించుకుంటారు, ఒకరి పొలం అయ్యాక ఇంకొకరిది. బస్సులోంచి బూట్లవాళ్లు దిగడం చూసి, వీళ్లు పశువుల డాక్టర్లని అనుకున్నాడు బీరప్ప. లింగేశ్వరి ఎంత చెప్పినా వినిపించుకుంటేనా.

తాతబ్బాయిగారు బీరప్ప అడ్డం పెట్టిన కర్ర దాటి ముందుకెళ్లి, "మీ హెడ్ క్వార్టర్స్ ఎక్కడయ్యా?" అని అడిగారు.

బీరప్ప భయపడ్డాడు. "అదేం రోగం సామీ? మావాటికి చిటుక రోగం తప్ప యేమీ ల్యా."

"రోగం కాదయ్యా, మీరు అసలు ఉండే చోటు."

"ఈడే కదా సామీ ఉండాము. గొర్ల కడుపులో పురుగులకి నట్టల మందు తెచ్చినారా?"

ఉపకులపతిగారు ఒక గొర్రె పళ్లు చూసి ఏదో రాసుకుంటున్నారు. అప్పుడే కాలవ అవతలి రైతు కేక వేశాడు, తన పొలానికి తోలుకురమ్మని. బీరప్ప నాలుక కింద ఏదో శబ్దం చేశాడు. మంద మొత్తం లేచింది. కదిలింది. మండలి అప్పుడే చాపలు పరుచుకుని సమావేశం ప్రారంభమైందని రాసుకుంది. తాతబ్బాయిగారు నిబంధన చెప్పారు. క్షేత్ర పరిశీలన క్షేత్రంలోనే జరగాలి. క్షేత్రం నడుస్తుంటే మండలి కూడా నడవాలి. చాపలు చుట్టుకుని మండలి మంద వెనక పడింది. "సమావేశ స్థలము: గొర్రెల వెనుక" అని ఆయనే నడుస్తూ రాశారు. దక్షిణామూర్తిగారికి చెప్పులో పల్లేరుకాయ గుచ్చుకుంటే తొలిసారి వ్యావహారికంలో "అమ్మో" అన్నారు.

సగం దారిలో ఉపకులపతిగారి ఫోను మోగింది. కల్యాణ మంటపం ఓనరు. ఆయన మేనకోడలి ముహూర్తం ముందుకి జరిగిందట. విశ్వవిద్యాలయాన్ని మొత్తం లారీలోకి ఎక్కించేశానని, ఎక్కడ దింపమంటారో చెప్పమని అడిగాడు. ఎక్కడని చెబుతారు? ఉపకులపతిగారు ఫోను జేబులో పెట్టుకుంటూ ఆ సంగతి మాకు చెప్పారు.

"సార్, మరి ఇప్పుడు మన యూనివర్సిటీ ఏ వర్గం?" అంది లింగేశ్వరి. దెప్పిపొడవాలని కాదు, అది నిజంగానే అడిగింది.

రాజధాని లేదు, పిన్ కోడ్ లేదు, వేరు లేదు. బదనిక అన్న మాట అందరికీ గుర్తొచ్చింది. ఒక్కరూ పైకి అనలేదు. తెగలు ఇచ్చే పట్టాలు ఎక్కడా చెల్లవు, తెగకి ఉపకులపతీ ఉండడు, ఆయనకి కారూ ఉండదు.

ముందుగా తేరుకున్నది దక్షిణామూర్తిగారు. "సార్వభౌమాధికారము మనుష్యులయందుండును గాని ఇటుకలయందుండదు. ఈ మాట నేను మొదటినుండియు చెప్పుచునే యున్నాను" అన్నారు, పల్లేరుకాయ లాక్కుంటూ.

అక్కడే, కాలవ గట్టు మీదే, ఏకగ్రీవంగా తీర్మానం అయింది. ప్రధానస్థానంగాని, సొంత భవనంగాని లేనంతమాత్రాన ఏ వ్యవస్థ అధికారానికీ, హుందాతనానికీ భంగం లేదు. కావున మధ్యయుగపు సంచార సామ్రాజ్యాలు సంపూర్ణ రాజ్యాలే. బీరప్ప వీపు మీద కాగితం పెట్టి ముగ్గురూ సంతకాలు చేశారు. ఇదేదో మందుల కోసమే అనుకుని ఆయన వంగి కదలకుండా నిలబడ్డాడు. నాకు ఆరోజు ఎంత సంతోషం వేసిందంటే, ఆ ఎండలో ఆ గొర్రెల్ని ఒక్కోదాన్ని పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

లింగేశ్వరికి పట్టా వచ్చింది. కాలేజీ తెరిచిన రోజునే వెళ్లి చేరింది. కానీ ఇల్లలకగానే పండగవుతుందా?

మా తీర్మానం నకలు ప్రభుత్వానికి వెళ్లింది. అక్కడెవరో మహానుభావుడు దాన్ని చదివాడు. చదివి, ఎంతో మెచ్చుకుంటూ ఉత్తర్వు పంపాడు. సొంత భవనం లేకపోయినా అధికారానికీ హుందాతనానికీ భంగం లేదని మీ పండిత మండలే తేల్చినందుకు ప్రభుత్వం హర్షిస్తోంది, కావున మీకు ఇవ్వదలచిన స్థలం రద్దు చేయడమైనది. మిగతా విద్యాసంస్థలు కూడా మిమ్మల్ని ఆదర్శంగా తీసుకోవాలని కోరడమైనది.

ఆ ఉత్తర్వు మాకు చేరడానికే చాలా కాలం పట్టింది, మేమెక్కడున్నామో తపాలా మనిషికి తెలియక. మేము బైపాస్ రోడ్డు పక్కన లారీలో ఉన్నాం. ఉపకులపతిగారు ముందు సీట్లో, తాతబ్బాయిగారు బీరువాల మధ్య. ఉత్తర్వు చదివిన పూటే ఉపకులపతిగారు నాకు చెప్పారు, లింగేశ్వరిని పిలిపించమని. మర్నాడు కాలేజీకి వెళ్లే దారిలో బస్సు దిగి వచ్చింది పాపం.

ఉపకులపతిగారు మెత్తగానే మొదలుపెట్టారు. "చూడమ్మా, నీ మీద మాకేం కోపం లేదు. ఆ తీర్మానం రద్దయితే గాని స్థలం తిరిగి రాదు. తీర్మానం రద్దయితే ఖానుల రాజ్యం మళ్లీ తెగ అవుతుంది. అప్పుడు నీ పట్టా కూడా..." అని, మిగతాది తాతబ్బాయిగారికి వదిలేశారు.

"రద్దవుతుంది" అన్నారు తాతబ్బాయిగారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ స్థలం కోసం ఈ పిల్ల కూడు తీస్తారా? సిగ్గుండక్కర్లేదా మీకు" అని ఇంకా ఏదేదో అనబోయాను. లింగేశ్వరి నా చెయ్యి పట్టుకుంది.

"రద్దు చేసుకోండి సార్. కానీ దానికి మండలి కూర్చోవాలి కదా. ఎక్కడ కూర్చుంటారు?" అంది.

"ఎక్కడైనా కూర్చుంటాం. ఈ లారీలోనే కూర్చుంటాం" అన్నారు ఉపకులపతిగారు.

"లారీలో కూర్చుని చేసింది చెల్లితే, ఇల్లు లేకపోయినా ఏలుబడి నడుస్తుందని మీరే మళ్లీ ఒప్పుకున్నట్టు సార్. నా పట్టా ఉంటుంది. చెల్లకపోతే రద్దు కూడా కానట్టే. అప్పుడూ నా పట్టా ఉంటుంది."

తాతబ్బాయిగారు నిబంధనల పుస్తకం ఏ బీరువాలో ఉందో వెతకడం మొదలుపెట్టారు.

లింగేశ్వరి గడియారం చూసుకుంది. "నాకు రెండో పీరియడుంది సార్, పిల్లలు ఎదురుచూస్తుంటారు" అని, అందరికీ వినయంగా నమస్కారం పెట్టి, రోడ్డు దాటి బస్సెక్కింది.